వెనక్కి వంగితే నడుం చురుక్కుమంటోందా?

జిమ్నాస్టిక్స్ నేర్చుకునే ఆడపిల్లల నడుం నొప్పి గురించి అందిన ప్రశ్నలకు స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరు, ఫిజియోథెరపిస్టు కలిసి ఇస్తున్న సమాధానాలు.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. వారానికి 18 గంటలు ప్రాక్టీసు. రెండు నెలలుగా నడుం కింది భాగంలో ఎడమ పక్క నొప్పి. బ్రిడ్జి (చేతులూ పాదాలూ నేలకు ఆనించి ఒంటిని విల్లులా పైకి వంచడం) వేసినా, బ్యాక్ వాక్‌ఓవర్ (వెనక్కి వంగి చేతుల మీదుగా కాళ్లు తిప్పి నిలబడటం) చేసినా చురుక్కుమంటుంది. ముందుకు వంగితే ఏమీ ఉండదు. ఎక్స్‌రే బాగానే ఉందట. కండరం పట్టేసిందనీ, స్ప్రే కొట్టుకుని చేసుకోవచ్చనీ అంటున్నారు. చేయనివ్వమంటారా?

జవాబు: వద్దు. వెనక్కి వంగే పనులన్నీ ఇవాళే ఆపించండి. ఈ వయసు జిమ్నాస్టుకు వెనక్కి వంగినప్పుడు మాత్రమే, అదీ ఒక పక్కనే, వారాల తరబడి నొప్పి వస్తోందంటే అది కాదని తేలేదాకా ఎముకలో పగులు ఉన్నట్టే అనుకోవాలి. పట్టేసిన కండరమైతే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది.

ప్రతి వెన్నుపూసకూ వెనక వైపు పై కీలునూ కింది కీలునూ కలుపుతూ సన్నటి ఎముక ఉంటుంది. వెనక్కి వంగిన ప్రతిసారీ పక్క పూసల కీళ్ల మధ్య అది నలుగుతుంది. తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టు, వందల వంపుల తర్వాత అక్కడ సన్నటి చీలిక పడుతుంది. దీన్నే స్పాండిలోలైసిస్ అంటారు. ఎక్కువగా నడుములోని చివరి పూసకు, అంటే ఎల్-5కి వస్తుంది. 1976లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వంద మంది జిమ్నాస్టు అమ్మాయిలకు ఎక్స్‌రేలు తీస్తే 11 మందిలో ఈ చీలిక కనిపించింది. రెండు పక్కలా చీలితే పూస ముందుకు జారే ప్రమాదమూ ఉంది.

ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండకండి. చీలిక మొదలవుతున్న దశ అందులో సాధారణంగా కనపడదు. ఎమ్మారైలో అయితే ఎముక లోపలి వాపు ముందే తెలుస్తుంది. స్కాన్‌కు రాసే చీటీ మీద 'నడుం నొప్పి' అని వదిలేయకుండా 'స్పాండిలోలైసిస్ అనుమానం' అని రాయించండి. డిస్కుల కోసం తీసే మామూలు ఎమ్మారైలో ఈ చిన్న ఎముక సరిగ్గా పడకపోవచ్చు. సీటీలో చీలిక గీత స్పష్టంగా కనిపిస్తుంది గానీ రేడియేషన్ ఉంటుంది కాబట్టి అవసరమైతేనే.

పగులని తేలితే సాధారణంగా మూడు నెలల దాకా ఆటకు విరామం. అంటే మంచం మీద పడుకోబెట్టమని కాదు. నడక, నొప్పి లేని వ్యాయామాలు సాగుతూనే ఉండాలి. వెనక్కి వంగడం, మెలి తిరగడం, ఎత్తు నుంచి దూకి దిగడం మాత్రం ఉండకూడదు. నడుముకు బెల్టు పెట్టాలా వద్దా అన్న విషయంలో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఒక పక్కే ఉండి, తొందరగా దొరికితే ఎముక అతికే అవకాశం బాగా ఉంటుంది. పాత చీలిక అతక్కపోయినా నొప్పి లేకుండా ఆటకు తిరిగొచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ముందు హ్యాండ్‌స్టాండ్ (చేతుల మీద తలకిందులుగా నిలబడటం), బలం పెంచే పనులు. తర్వాత చిన్న గెంతులు, మెత్తటి మ్యాట్ మీద ల్యాండింగులు. వెనక్కి వంగేవి అన్నిటికన్నా ఆఖరున. ఏ మెట్టు దగ్గరైనా నొప్పి మర్నాటి పొద్దుటికి కూడా తగ్గకపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. నొప్పి మాత్ర వేసి జిమ్‌కు పంపడం ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఎక్కడ ఆగాలో చెప్పే గొంతు ఆ నొప్పిదే.

ఇక 18 గంటల సంగతి. వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆట వద్దన్నది క్రీడా వైద్యులు చెప్పే లెక్క. జిమ్నాస్టిక్స్‌లో దీన్ని పాటించేవాళ్లు తక్కువే. దెబ్బతిన్నాక తిరిగొచ్చే పాపకైనా పాటించండి.

ప్రశ్న: నేను కోచ్‌ని. బ్రిడ్జి లేకుండా మా ఆట లేదు. భారమంతా నడుం మీద పడకుండా ఎలా నేర్పాలి?

జవాబు: బ్రిడ్జిని పక్క నుంచి ఫొటో తీయండి. భుజాలు మణికట్ల మీదికి గానీ, ఇంకాస్త అవతలికి గానీ వచ్చి, వంపు వీపంతా పరుచుకుని ఉంటే బాగున్నట్టు. భుజాలు పాదాల వైపే ఆగిపోయి, నడుం దగ్గర ఒక్కచోట చర్మం మడత పడి, తలుపు బందులా విరిగినట్టు కనిపిస్తే వంగుతున్నది ఆ ఒకటి రెండు పూసలే. తప్పు నడుములో లేదు. భుజాలూ తుంటీ తెరుచుకోవడం లేదు, ఆ లోటును నడుం భరిస్తోంది.

రెండు పరీక్షలు చేయండి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుం నేలకు ఆనించి ఉంచమనండి. మోచేతులు వంచకుండా చేతులు తల మీదుగా నేలను తాకాలి. తాకకపోయినా, తాకేటప్పుడు నడుం పైకి లేచినా భుజాలు బిగుసుకున్నట్టే. రెండోది, బల్ల అంచున పడుకుని ఒక మోకాలిని ఛాతీకి హత్తుకోవాలి. వేలాడే కాలి తొడ బల్లకు సమానంగా ఉండాలి. పైకి లేస్తే తుంటి ముందు కండరం బిగువుగా ఉంది.

భుజాలు బిగువైతే పాదాలను 30–40 సెంటీమీటర్ల దిమ్మె మీద పెట్టించి బ్రిడ్జి చేయించండి. వంపు భుజాల్లోకి వెళ్తుంది. తుంటి బిగువైతే ఒక మోకాలు నేల మీద ఆనించి, ఆ పక్క పిరుదు గట్టిగా బిగించి, తోక ఎముకను కిందికి లాగి, తుంటి ముందు కండరాన్ని 30 సెకన్లు సాగదీయించండి, ఒక్కో పక్క మూడుసార్లు. అందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది: పిరుదు వదిలేసి నడుం వెనక్కి వంచుతారు. సాగాల్సిన కండరం సాగదు, అలిసిన నడుమే మళ్లీ అలుస్తుంది. పిల్ల వీపు మీద కూర్చుని, భుజాలు నొక్కి వంచే పద్ధతి ఏ జిమ్‌లో ఉన్నా మానేయాల్సిందే.

బలానికి డెడ్ బగ్ (వెల్లకిలా పడుకుని, పైకెత్తిన చేతుల్లో ఒకటీ, కాళ్లలో దానికి ఎదురు పక్కదీ నెమ్మదిగా దించడం) ఒక్కో పక్క 8–10 సార్లు, సైడ్ ప్లాంక్ (ఒక మోచేతి మీద పక్కకు ఒరిగి ఒళ్లు నిటారుగా నిలపడం) 20–30 సెకన్లు, మూడేసి సెట్లు. హాలో హోల్డ్‌లో (వెల్లకిలా పడుకుని భుజాలూ కాళ్లూ కాస్త పైకెత్తి ఆగడం) సెకన్లు లెక్కపెట్టకండి, నడుం నేల వదిలిందో లేదో చూడండి. వదిలిన క్షణమే ఆపించాలి. ఇంకో మాట: ల్యాండ్ అయిన వెంటనే ఛాతీ విరిచి, నడుం వంచి నిలబడే భంగిమ రోజుకు ఎన్నిసార్లు చేయిస్తున్నారో ఒకసారి లెక్కేసి చూడండి. మోకాళ్లూ తుంటీ వంగి అదురు పూర్తిగా తీసుకున్నాకే ఆ భంగిమకు రమ్మనండి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడాదిలో 8 సెంటీమీటర్లు పెరిగింది. వచ్చిన స్కిల్స్ కూడా ఇప్పుడు రావడం లేదు. బద్ధకమా?

జవాబు: బద్ధకం కాదు. ఎముక ముందు సాగుతుంది, తొడ వెనక కండరాలూ నడుం కండరాలూ ఆలస్యంగా అందుకుంటాయి. జిమ్నాస్టు అమ్మాయిల్లో ఈ ఎదుగుదల కాస్త ఆలస్యంగా రావడమూ మామూలే. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకోండి. ఒక్కసారిగా పెరుగుతున్న ఆ కొన్ని నెలలు వెనక్కి వంగే కొత్త స్కిల్స్ మొదలుపెట్టకుండా, వంపుల సంఖ్య తగ్గిస్తే చాలు.

ప్రశ్న: మా పాప రిథమిక్ జిమ్నాస్టిక్స్ (రిబ్బన్, బంతి లాంటివి పట్టుకుని సంగీతానికి చేసేది) చేస్తుంది. ఒక భుజం ఎత్తుగా ఉంది. నొప్పి లేదు.

జవాబు: పాదాలు కలిపి, చేతులు జోడించి, ముందుకు వంగమని వెనక నుంచి చూడండి. ఒక పక్క పక్కటెముకలు గూనిలా లేస్తే వెన్ను పక్కకు వంగి, మెలి తిరిగిందేమో డాక్టరుకు చూపించాలి. బల్గేరియాలో వంద మంది రిథమిక్ జిమ్నాస్టులను పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఇది 12 శాతం మందిలో కనిపించింది. అదే వయసు మామూలు పిల్లల్లో 1.1 శాతమే. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అంటారు. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండి, 25 డిగ్రీలు దాటితే బ్రేస్ (వంపు పెరగకుండా ఒంటికి తొడిగే గట్టి పట్టీ) గురించి ఆలోచిస్తారు.

ప్రశ్న: నాకు 16. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. బరువు తగ్గాలని తక్కువ తింటున్నాను. దీనికీ నడుం నొప్పికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది తల్లీ. చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోతే శరీరం ముందు ఆపేసే పనుల్లో నెలసరి ఒకటి. అప్పుడు తగ్గేది ఈస్ట్రోజన్ అనే హార్మోను; అది తగ్గితే ఎముక పలచబడుతుంది, మామూలుగా తట్టుకునే వంపుకే చీలుతుంది. మూడు నెలలు వరుసగా రాకపోయినా, 15 ఏళ్లు నిండినా అసలు మొదలవ్వకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నీ వయసుకు రోజుకు 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. కానీ కాల్షియం మాత్రలు మింగి తిండి తగ్గించుకుంటే లాభం లేదు, ముందు కడుపు నిండా తినాలి. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని అమ్మతో కలిసి వెళ్లు. రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, కాళ్లలో తిమ్మిరి ఉంటే ఈ వారంలోనే వెళ్లు. మూత్రం మీద పట్టు తప్పితే మాత్రం ఆ పూటే ఆస్పత్రికి.