బీటెక్కా, పాలిటెక్నిక్కా? లెక్క అబ్బాయి చేతే వేయించండి

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి పదో తరగతి. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్ చదివించాలని మా ఆలోచన. వాడేమో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చేస్తానంటున్నాడు. బ్యాంకులో 6 లక్షల డిపాజిట్ ఉంది. డబ్బు పరంగా ఏది మేలు?

జవాబు: ఈ లెక్క మీరు కాదు, అబ్బాయే వేయాలి. కావలసిన శ్రేఢులు, మధ్యగతం, సంభావ్యత అన్నీ వాడి గణితం పుస్తకంలోనే ఉన్నాయి. కింది అంకెలు నమూనాకు పెట్టినవి. వాటి స్థానంలో మీరు విచారించి తెలుసుకున్నవి వేసుకోండి.

పాలిటెక్నిక్ 3 ఏళ్లకు మొత్తం 1.2 లక్షలు అనుకుందాం. ఇంటర్‌కు హాస్టల్‌తో కలిపి 2.5 లక్షలు, బీటెక్‌కు ఏటా 1.25 లక్షల చొప్పున 5 లక్షలు, వెరసి 7.5 లక్షలు. తేడా 6.3 లక్షలు. చాలా ఇళ్లలో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. కానీ బీటెక్ కుర్రాడు ఇంకా క్లాసులో ఉన్న ఆ 3 ఏళ్లలో డిప్లొమా కుర్రాడు నెలకు 15 వేలు తెచ్చుకున్నా 5.4 లక్షలవుతుంది. అదీ కలిపితే బీటెక్ వాడు ఉద్యోగంలో చేరేనాటికి 11.7 లక్షలు వెనకబడి ఉంటాడు.

ఇక జీతం. 3.6 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 30 వేలు చేతికొస్తుందనుకోకండి. బేసిక్ 15 వేలైతే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, ఉద్యోగి వాటా మరో 1,800, గ్రాట్యుటీ 720, వృత్తి పన్ను 200 పోగా మిగిలేది సుమారు 25,500. అందులో పనితీరును బట్టి ఇచ్చే భాగం ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆనాటికి డిప్లొమా కుర్రాడి జీతం 18 వేలకు చేరిందనుకుంటే తేడా నెలకు 7,500, ఏడాదికి 90 వేలు. ఆ తేడా అలాగే ఉండిపోతే 11.7 లక్షలు పూడటానికి 13 ఏళ్లు పడుతుంది. అదే ఏటా 15 శాతం పెరుగుతూ పోతే 8 ఏళ్ల లోపే పూడుతుంది. కాబట్టి మొదటి జీతం కన్నా ఆ తేడా ఎంత వేగంగా పెరుగుతుందన్నదే ముఖ్యం. అది కొత్తగా చేరినవాళ్లను అడిగితే తెలియదు. రెండు దారుల్లోనూ 5 ఏళ్లు, 10 ఏళ్లు పనిచేసినవాళ్లను వెతికి, ఖాతాలో ఎంత పడుతోందో అబ్బాయినే అడగమనండి.

హోర్డింగుల మీది ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ని లెక్కలోకి రానివ్వకండి. పదిమందిలో తొమ్మిదిమందికి 3.5 లక్షలు, ఒక్కడికి 42 లక్షలు వస్తే సగటు 7.35 లక్షలు, మధ్యగతం (జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) మాత్రం 3.5 లక్షలే. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల్లో పాల్గొన్న కాలేజీలైతే ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యగత జీతమెంత అన్నవి ఇచ్చి తీరాలి. ప్లేస్‌మెంట్ శాతాన్ని పాసైనవాళ్ల మీద కాదు, చేరినవాళ్ల మీద కట్టండి. 120 మందిలో 66 మందికే ఉద్యోగాలొస్తే 55 శాతం. మిగతావాళ్లు 12 వేలకు చేరతారనుకుంటే మన 25,500 కాస్తా 19,425 అవుతుంది. డిప్లొమాకూ ఇదే వడపోత పెట్టాలి, లేకపోతే లెక్క ఒక పక్కకే ఒరుగుతుంది.

మీ ఇద్దరి మాటా నిలిచే మూడో దారి ఒకటుంది. డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 3+3, ఇదీ 6 ఏళ్లే. ఖర్చు 1.2 + 3.75 = 4.95 లక్షలు, అంటే డిపాజిట్‌లోనే సరిపోతుంది. పైగా బీటెక్ వద్దనుకుంటే మూడేళ్లకే ఉద్యోగానికి పోవచ్చు. అయితే సీట్లు పరిమితం. రెండో ఏడాది గణితం దగ్గర తడబడే పిల్లలూ ఉంటారు, అందుకని డిప్లొమాలో లెక్కల్ని వదిలేయకూడదు. మీ పరిస్థితికి నేనైతే ఇటే మొగ్గుతాను.

నేరుగా బీటెక్‌కే వెళ్తే అప్పు గురించి. ఏటా 1.25 లక్షల చొప్పున 10 శాతానికి తీసుకుని, చదువు తర్వాతి ఏడాది కూడా ఏమీ కట్టకపోతే సాధారణ వడ్డీయే 1.75 లక్షలు చేరి బాకీ 6.75 లక్షలవుతుంది. 7 ఏళ్లకు నెల వాయిదా 11,200. చేతికొచ్చే జీతంలో 44 శాతం! చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాతి ఏడాదీ నెలనెలా వడ్డీ (మొదటి ఏడాది 1,040, నాలుగో ఏడాది నుంచి 4,170) కట్టుకుంటూ పోతే వాయిదా 8,300కే ఆగుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే, అదీ ఆదాయ పరిమితికి లోబడి. ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీలు ముందు మీచేత కట్టించుకుంటాయి. ఏ దారి పట్టినా డిపాజిట్‌లో ఒక ఏడాది ఫీజు కదపకుండా ఉంచండి. ఇంటర్ హాస్టల్ కోసం మాత్రం దాన్ని గడువుకు ముందే పగలగొట్టవద్దు.