బయోటెక్నాలజీనా, బయోకెమిస్ట్రీనా: పాపను అడిగారా?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర పల్లె. శనక్కాయ పండిస్తాం. పాప అనంతపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. సెల్, బయోమాలిక్యూల్స్ పాఠాలు ఎన్నిసార్లు చదివినా గుర్తుండట్లేదని ఏడుస్తోంది. నీట్‌లో సీటు రాకపోతే బీటెక్ బయోటెక్నాలజీ మేలా, బీఎస్సీ బయోకెమిస్ట్రీ మేలా? బంధువులంతా బయోటెక్నాలజీకే భవిష్యత్తు అంటున్నారు.

జవాబు: అన్నా, మీ ప్రశ్న రెండు కోర్సుల గురించే అయినా, అడిగించింది మాత్రం డాక్టరు కాకపోతే పాప ఏమైపోతుందో అన్న టెన్షన్. బైపీసీ పిల్లల తల్లిదండ్రులు ఏటా ఈ భయంతోనే నా దగ్గరికి వస్తారు. పాప ఏమీ అయిపోదు. ముందు ఆ మాట నమ్మండి.

ఆ పాఠాలు గుర్తుండకపోవడానికి పాప తెలివికి సంబంధం లేదు. ప్రొటీన్లు, లిపిడ్లు, న్యూక్లియిక్ ఆమ్లాలు ఒక పాఠంలో, మైటోకాండ్రియా, గాల్జీ, రైబోసోములు లాంటి కణభాగాలు ఇంకో పాఠంలో ఉంటాయి. వేటికవే జాబితాలుగా బట్టీ పట్టిస్తారు. ఏ పదార్థం కణంలో ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్లు తక్కువ. పాపను ఇన్సులిన్ ఒక్కదాని సంగతి మొదటి నుంచి చివరిదాకా రాయమనండి. క్లోమంలోని బీటా కణంలో దాని జన్యువు కేంద్రకంలో ఉంటుంది. ఆ జన్యువులోని సమాచారానికి నకలుగా తయారైన ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకం బయటికొస్తుంది. గరుకు ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణంలోని పొరల వల) మీది రైబోసోములు అమైనో ఆమ్లాలను గొలుసు కడతాయి. ఈఆర్ లోపల ఆ గొలుసు మడతపడి దాన్ని పట్టి ఉంచే డైసల్ఫైడ్ బంధాలు ఏర్పడతాయి. గాల్జీ దాన్ని చిన్న సంచుల్లోకి చేరుస్తుంది. అక్కడ మధ్య ముక్క తెగిపోయి 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ మిగులుతుంది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే ఆ కణంలో ఏటీపీ (కణం వాడుకునే శక్తి అణువు) పెరుగుతుంది, దాంతో సంచులు కణత్వచం దగ్గరికొచ్చి తెరుచుకుంటాయి. ఒక్క ఇన్సులిన్‌తో రెండు పాఠాల్లో చాలా భాగం వచ్చేసినట్టే.

మీ శనక్కాయను కూడా వదలొద్దు. గింజలో దాదాపు సగం నూనే. మొలకెత్తేటప్పుడు ఆ నూనె చక్కెరగా మారి మొలకకు అందుతుంది, అందుకు గ్లైఆక్సిసోములు అనే కణభాగాలు కావాలి. మన కణాల్లో అవి లేవు కాబట్టి ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలను మనం గ్లూకోజ్‌గా మార్చుకోలేం. పాప సెలవులకు వచ్చినప్పుడు చేలోకి తీసుకెళ్లి, దీని గురించి ఆమె చేతనే మీకు చెప్పించుకోండి.

ఇక బయోటెక్నాలజీ. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచుకోను. కరోనా టీకాల తర్వాత ఈ కోర్సు మీద మోజు పెరిగింది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు ఉన్నమాట నిజమే. అయితే పరిశోధన వైపు పోవాలంటే నాలుగేళ్ల బీటెక్ చాలదు, పైచదువు అడుగుతారు. ఉత్త డిగ్రీతో దొరికేవి ఎక్కువగా ఉత్పత్తి, క్వాలిటీ విభాగాల ఉద్యోగాలు, మొదట్లో జీతం తక్కువే. కోర్సులో లెక్కలు, థర్మోడైనమిక్స్, బయోప్రాసెస్ ఇంజనీరింగ్ కూడా ఉంటాయి. బైపీసీ నుంచి వెళ్లిన పిల్లలు మొదటి ఏడాది లెక్కల దగ్గరే అల్లాడడం చూస్తున్నాను. చివరి ఏడాదికొచ్చేసరికి కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కు పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను. కానీ అందుకోసం లక్షలు పోసి బయోటెక్నాలజీ చదవాలా? బ్రోచర్‌లో ల్యాబ్ ఫోటో చూసి అడ్వాన్సు కట్టొద్దు. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ ప్రయోగం పిల్లలే తమ చేత్తో చేస్తారా, అద్దం బయట నిలబడి చూసి వస్తారా అని అక్కడి సీనియర్లను అడగండి.

ఒక మాట కటువుగానే అంటాను. మీరు రాసినదాంట్లో బంధువులు ఏమన్నారో ఉంది, పాపకు ఏది ఇష్టమో లేదు. పరీక్ష ఇంకా రాయకముందే సీటు రాకపోతే ఏంటని ఇంటిల్లిపాదీ మాట్లాడుతుంటే, అమ్మానాన్నకు నా మీద నమ్మకం పోయిందని పిల్ల అనుకోదా? ఫోన్ చేసిన ప్రతిసారీ మార్కులు అడగడం ఆపండి. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. బంధువులు ఫీజూ కట్టరు, మీ పాప బదులు చదవనూ చదవరు.

బీఎస్సీ బయోకెమిస్ట్రీకి ఖర్చు తక్కువ, పునాది గట్టిది. కాకపోతే ఎమ్మెస్సీ తప్పదనుకునే చేర్పించండి. మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే బయోకెమిస్ట్రీ విభాగం ఉంది. ఎమ్మెస్సీకి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకైతే సీయూఈటీ పీజీ, ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. ఆసుపత్రి ల్యాబ్ ఉద్యోగమే కావాలంటే దారి వేరు: టెక్నీషియన్ పోస్టులకు డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి ల్యాబ్ టెక్నాలజీ కోర్సులు అడుగుతారు. ఈ తేడా తెలియక డిగ్రీ అయ్యాక బాధపడేవాళ్లున్నారు.

ల్యాబ్ పని అంటే చిన్నచూపు వద్దు. షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న ట్యూబులో రక్తం తీసుకుంటారు, చూసే ఉంటారు. ఎర్ర రక్తకణాల్లో, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా ఉండవు. ఆ రక్తకణాలు గ్లైకాలిసిస్‌తోనే, అంటే గ్లూకోజ్‌ను విడగొట్టగా వచ్చే శక్తితోనే బతుకుతాయి. ఒంట్లోంచి బయటికి తీశాక కూడా గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే ఉంచేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా గ్లూకోజ్ తగ్గిపోతుంది. బూడిదరంగు మూత ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్ ఈనోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుని ఆ వాడకాన్ని ఆపుతుంది. పల్లెలో తీసిన రక్తం జిల్లా ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమై, ట్యూబు కూడా తప్పుదైతే, షుగర్ ఉన్న మనిషికి లేదని రిపోర్టు రావచ్చు. డాక్టరు ఆ కాగితం చూసే మందు రాస్తారు. ఆ అంకె తప్పు కాకుండా చూసే మనిషి చేసేది వైద్యంలో భాగమే. మీ పాప ఇప్పుడు ఏ పాఠం చూసి ఏడుస్తోందో, ఆ పని ఆ పాఠంలోనే ఉంది. ఎంబీబీఎస్ వచ్చినా మొదటి ఏడాదిలో మళ్లీ ఈ బయోకెమిస్ట్రీనే చదవాలి.

నీట్ అయ్యేదాకా ఇంట్లో కోర్సుల మాట ఎత్తకండి. ఈఏపీసెట్‌కు మాత్రం గడువులోపు అప్లై చేయించండి, ఫార్మసీ, అగ్రికల్చర్ దారులు కూడా తెరిచి ఉంటాయి. ఫలితాలొచ్చాక పాపను తీసుకుని రండి. బంధువులు వద్దు, మీరిద్దరే రండి. మొదట పాపతో మాట్లాడతాను, తర్వాత మీతో.