ల్యాబులో కణాలు చనిపోయాయని మందు ఆపేస్తారా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఏడాది క్రితం క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అని తేలింది. రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర వాడేవారు. రక్త క్యాన్సర్ కణాలను ల్యాబులో పెంచితే 24 గంటల్లో రెట్టింపు అవుతాయని, ఒక మొక్క సారం వేస్తే మూడు రోజుల్లో చనిపోయాయని చదివాను. మాత్ర వేసుకుంటే వికారం, కళ్ల చుట్టూ వాపు వస్తుండటంతో మూడు వారాల క్రితం ఆపేసి ఆ మొక్క పొడి ఇస్తున్నాం. రెండు రోజులుగా సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోంది. నాన్నగారి కణాలను కూడా ల్యాబులో పెంచి, ఏ మందుకు చనిపోతాయో చూడవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ల్యాబు సంగతి తర్వాత చెబుతాను. మూడు వారాలుగా మాత్ర లేదు, ఇప్పుడు జ్వరం వస్తోంది. నాకు ముందుగా ఆందోళన కలిగించినవి ఈ రెండే.

ఇది చదివిన వెంటనే మీ హెమటాలజిస్టుకు (రక్త వ్యాధుల డాక్టరుకు) ఫోన్ చేయండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరినా, ఆయాసం, రక్తస్రావం, ఎడమవైపు డొక్కలో నొప్పి ఉన్నా ఫోన్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అది మామూలు ఇన్ఫెక్షన్ కావచ్చు, జబ్బు ముదురుతున్న సూచన కావచ్చు. రక్తపరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేం. పారాసిటమాల్ వేసి చూద్దామని రోజులు గడపవద్దు. ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్, స్టెరాయిడ్ మాత్రల జోలికి అసలు పోవద్దు. స్టెరాయిడ్ జ్వరాన్ని అణచిపెడుతుంది, దాంతో లోపల జరుగుతున్నది మాకు కనిపించకుండా పోతుంది. ఇమాటినిబ్ ఎప్పుడు, ఎంత మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో రక్తకణాల సంఖ్య చూసి డాక్టరే చెప్పాలి. తప్పిన రోజులకు బదులుగా రెండేసి మాత్రలు వేయకండి.

వికారం, కళ్ల చుట్టూ వాపు ఈ మందుతో తరచూ వచ్చేవే. భోజనంతోపాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలామందికి వికారం తగ్గుతుంది. వాపునకు మందులున్నాయి. అప్పటికీ తట్టుకోలేకపోతే మోతాదు మార్చవచ్చు, లేదా డాసాటినిబ్, నిలోటినిబ్ వంటి ఇదే కోవ మందులకు మారవచ్చు. ఇన్ని దారులుండగా ఎవరినీ అడగకుండా మాత్ర ఆపేయడం సరికాదమ్మా. ఈ జబ్బులో పదో వంతుకు మించి మాత్రలు తప్పినవారిలో ఫలితం స్పష్టంగా తగ్గుతుందని అధ్యయనాలు చూపించాయి. పదో వంతంటే నెలకు మూడు మాత్రలే. మీరు ఏకంగా మూడు వారాలు ఆపారు. కొందరికి మేమే మందు ఆపించే మాట నిజం. అయితే ఏళ్ల తరబడి మందు వాడి, జబ్బు ఆనవాళ్లు దాదాపు కనిపించని స్థితిలో ఉన్నవారికి మాత్రమే, అదీ రక్తంలో జబ్బు ఆనవాళ్లు ఎంత ఉన్నాయో కొలిచే పీసీఆర్ పరీక్షలు తరచూ చేస్తూ. అలా ఆపినవారిలోనూ సుమారు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే.

ఇక ల్యాబు విషయం. 24 గంటల్లో రెట్టింపయ్యే కణాలు మీ నాన్నగారి కణాల వంటివి కావు. ఈ జబ్బు పరిశోధనలో ఎక్కువగా వాడే కే562 కణాలనే తీసుకోండి. జబ్బు చివరి దశకు చేరిన 53 ఏళ్ల మహిళ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి 1970లో సేకరించారు. పోషక ద్రవంలో సీరం కలిపి, 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇన్‌క్యుబేటర్‌లో పెట్టి, కొన్ని రోజులకోసారి ద్రవం మారుస్తుంటే ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి. రోగి నుంచి అప్పుడే తీసిన కణాలు ఇలా పెరగవు. ఎముక మజ్జలో అందే సంకేతాలు అక్కడ ఉండవు కాబట్టి చాలావరకు కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. మందు వల్ల చనిపోయాయా, వాటంతట అవే చనిపోయాయా అని తేల్చడమే ఒక సమస్య. అలాంటి పరీక్షలు పరిశోధనల్లో ఉన్నాయి కానీ, మీ నాన్నగారి జబ్బుకు మందు ఎంచడానికి మామూలుగా వాటిని వాడం. మాకు పనికొచ్చేది, ఈ జబ్బుకు కారణమైన బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు ఆనవాళ్లు రక్తంలో ఎంత ఉన్నాయో చెప్పే పీసీఆర్. అది పెరిగితే ఆ జన్యువులో మార్పులు వచ్చాయేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేస్తాం. ఉదాహరణకు, టీ315ఐ అనే మార్పు కనిపిస్తే ఇమాటినిబ్ పనిచేయదని ఏ కణాన్నీ పెంచకుండానే తెలుస్తుంది.

మొక్క సారం కణాలను చంపిందంటే నేను నమ్ముతాను. సబ్బు నీళ్లు పోసినా చనిపోతాయవి. అక్కడ పేగు లేదు, కాలేయం లేదు, కాపాడుకోవలసిన మంచి మజ్జ లేదు. గాజు పాత్రలో వేసినంత గాఢత రక్తంలోకి చేరుతుందా, చేరితే మనిషి తట్టుకోగలడా అన్నది అక్కడ తేలదు. ఇమాటినిబ్ కూడా ఇలాంటి కణాల మీదే మొదలైంది. ఆ ఫలితాలు 1996లో వెలువడ్డాయి. 1998లో రోగుల మీద పరీక్షలు మొదలై, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీరు ఆపేసిన మాత్ర ఆ దారంతా నడిచి వచ్చింది. మీరిస్తున్న పొడి ఇంకా గాజు పాత్ర దాటలేదు.

ఆ పొడి కూడా ఇప్పుడే ఆపేయండి. కొన్ని మొక్కల మందులు కాలేయంలోని ఎంజైములను మార్చి ఇమాటినిబ్ రక్తంలో తగ్గేలానో, పెరిగేలానో చేస్తాయి. డబ్బాను పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రోజుకు ఎంత ఇచ్చారో దాచకుండా చెప్పండి. రక్తకణాల పరీక్షతోపాటు కాలేయ పరీక్ష, పీసీఆర్ కూడా చేయించాలా అని అడగండి. మాత్ర ఆపిన తేదీని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ తేదీ తెలియకపోతే పీసీఆర్ ఫలితాన్ని చూసి మందే పనిచేయడం లేదని డాక్టర్ పొరబడే ప్రమాదం ఉంది. మీ నాన్నగారిని పరీక్షించకుండా నేను ఇంతవరకే చెప్పగలను. తుది నిర్ణయం మీ డాక్టర్‌దే.