పరిహారం పడితే ముందు ఏ అప్పు తీర్చాలి?

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా నెక్కొండ మండలం. సొంత పొలం రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు చేస్తున్నాం. మొంథా తుపానుకు కోతకొచ్చిన వరి నేలకొరిగి నీళ్లలో నానిపోయింది. బ్యాంకులో పంట రుణం 1,20,000, అడ్తిదారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది 1,50,000 ఉన్నాయి. ఎకరానికి 10,000 చొప్పున పరిహారం పడితే ముందు బ్యాంకు అప్పు తగ్గిద్దామని మావారు అంటున్నారు. అలాగే చేయమంటారా?

సమాధానం: వద్దమ్మా. బ్యాంకు నోటీసు చూస్తే భయం వేస్తుంది, అడ్తిదారు తెలిసిన మనిషి అనిపిస్తాడు. కానీ మిమ్మల్ని తినేస్తున్నది ఆ రెండో అప్పే. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు నెలకు 3,000 వడ్డీ. పంట రుణానికి 7 శాతం లెక్కన నెలకు 700 మాత్రమే. సొంత రెండెకరాలకు వచ్చే 20,000 అడ్తి అసలుకు కడితే నెలకు 400 వడ్డీ తగ్గుతుంది, బ్యాంకులో కడితే 117.

అయినా మొత్తం అడ్తిదారు చేతిలో పోయకండి. యాసంగి విత్తనాలకు, ఎరువులకు ఎనిమిది వేలైనా పక్కన పెట్టండి. లేకపోతే మళ్లీ అక్కడికే వెళ్లాలి, పంట కూడా ఆయన చెప్పిన ధరకే ఇవ్వాల్సి వస్తుంది. మిగతా 12,000 అసలుకే జమ చేయమని చెప్పి, మీ ముందే ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించుకోండి. నోటి మాట మీద వదిలేయకండి.

మరి బ్యాంకు సంగతి? ప్రకృతి విపత్తులో 33 శాతం, అంతకు మించి పంట పోయిన ప్రాంతాల్లో పంట రుణాన్ని వాయిదాల్లో తీర్చే టర్మ్ రుణంగా మార్చేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్ల వరకు, 50 దాటితే అయిదేళ్ల వరకు గడువు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. మేనేజరు తనంతట తాను చెబుతారని ఎదురుచూడకండి. దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పరిహారాన్ని అప్పుకు మినహాయించుకోవద్దన్న అభ్యర్థన కూడా అందులోనే రాయండి. గడువులోగా కడితే వడ్డీ 4 శాతానికి తగ్గే మాట నిజమే. దాని కోసం బయట అధిక వడ్డీకి తెచ్చి రెన్యువల్ చేయించే అలవాటు మన పల్లెల్లో చాలా ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ కౌలు మూడెకరాలు. పెట్టుబడి మీది, పోయిన పంట మీది. నష్టం జాబితాలో పట్టాదారు పేరే ఎక్కితే 30,000 ఆయన ఖాతాలో పడుతుంది. 2023 మార్చి వడగళ్ల వానల తర్వాత ఎకరానికి 10,000 ప్రకటించినప్పుడు, కౌలు రైతుకూ అందాలని ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, ఎక్కడ పోతుందోనని భూ యజమానులు కౌలుదారు పేరు రాయించడానికి జంకుతారు. ఆయనతో గొడవ పడకుండా, వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లండి. సాగుదారుగా మీ పేరు, సర్వే నంబరు, ఆధార్, ఖాతా నంబరు సరిగా ఉన్నాయో లేదో జాబితాలో మీ కళ్లతో చూసుకోండి. పేరు మార్చడం కుదరకపోతే, పడిన సొమ్ము మీకే ఇస్తానని ఆయనతో తెల్ల కాగితం మీదైనా రాయించుకోండి. డబ్బు పడ్డాక అడిగితే మాట మారుతుంది, ఇప్పుడే అడగండి.