తెల్ల మక్కలో పసుపు గింజ: విత్తనం కట్టుకునేవాడికి ఒక ఉత్తరం

చి. రాజుకు పెదనాన్న ఆశీస్సులు.

పది గుంటల్లో నాటు తెల్ల మక్క (మొక్కజొన్న) వేసి విత్తనం కట్టుకుంటానన్నావు. గెట్టు అవతల ఐదెకరాలూ పసుపు హైబ్రిడ్ మక్కేనన్నావు. వెయ్యి, కాదనను. విత్తే తేదీ మాత్రం ఇది చదివాక ఖాయం చేసుకో.

మక్క వరిలాంటిది కాదురా. వరి, వేరుశనగ తమ పుప్పొడితో తామే గింజ కట్టుకుంటాయి, ధ్రువీకరణ (సర్టిఫైడ్) విత్తనానికి కూడా వేరే రకం చేనుకు 3 మీటర్ల ఎడం సరిపోతుంది. మక్కకు మగపూత నెత్తిన జల్లులో, ఆడపూత నడుమన కంకిలో. రెంటినీ కలిపేది గాలి. కంకి కొసన వేలాడే ఒక్కో పీచు లోపల ఒక్కో గింజకు దారి. ఆ పీచు మీద ఏ చేని పుప్పొడి పడి ముందు లోపలికి దిగితే ఆ గింజకు ఆ చేనే తండ్రి. అందుకే మక్క ధ్రువీకరణ విత్తనానికి 200 మీటర్ల ఎడం అడుగుతారు.

మక్క పుప్పొడి బరువైనదే, ఎక్కువ భాగం కొద్ది పదుల మీటర్లలోనే రాలిపోతుంది. పొద్దున మంచు ఆరాక రాలడం మొదలై, ఎండ ముదిరితే గంటా రెండు గంటల్లో చచ్చిపోతుంది. ఈ మాట విని ధీమా పడకు. ఒక్క జల్లులోనే లక్షల రేణువులు ఉంటాయి. అటు ఐదెకరాలు రాలుస్తుంటే, ఇటు నీ పది గుంటలు ఎంతని పోటీపడతాయి?

200 మీటర్లు నీకు దొరకవు కాబట్టి తేదీలతో తప్పించుకోవాలి. నీ నాటు మక్క 50 రోజులకు, వాళ్ల హైబ్రిడ్ 57 రోజులకు జల్లు వేస్తాయనుకో. చేనంతా పూత అయిపోవడానికి రెండు వారాలు పడుతుంది. నువ్వు 20 రోజులు ముందు విత్తితే నీ పూత 50 నుంచి 64వ రోజు దాకా, వాళ్ల పూత నీ లెక్కన 77వ రోజుకు. మధ్యలో పదమూడు రోజుల ఖాళీ. అదే వాళ్లకంటే 20 రోజులు వెనక విత్తావా, వాళ్ల లెక్కన 70వ రోజున నీది మొదలు, 71కి వాళ్లది పూర్తి. అంటే ఖాళీయే లేదు. వెనక వేయక తప్పకపోతే 30 రోజులు ఆగు. యాసంగిలో ఈ అంకెలు మారతాయి: చలికి పూత ఆలస్యమవుతుంది, జనవరి దాటాక ఎండ ముదిరే కొద్దీ వెనక వేసినది ముందరి దాన్ని అందుకుంటుంది. అందుకని విత్తిన తేదీల తేడా కాదు, పూత తేదీల తేడా చూడు.

చేనును పొడవాటి పట్టీలా వేయకు. పది గుంటలంటే చతురస్రంగా 32 మీటర్ల భుజం. అదే 10 మీటర్ల వెడల్పు పట్టీ వేస్తే ప్రతి మొక్కా అంచు మొక్కే. వానాకాలంలో గాలి ఎక్కువగా పడమటి నుంచే కాబట్టి హైబ్రిడ్ చేనుకు పడమర దిక్కున జాగా దొరికితే అదే మేలు. చుట్టూ 5 మీటర్ల మేర, అంటే 60 సెంటీమీటర్ల ఎడం సాళ్లయితే ఎనిమిది, తినడానికి కోసుకో. సగం చేను పోయినట్టే, కానీ లోపల మిగిలే నాలుగు వేల మొక్కలు విత్తనానికి బోలెడు.

చాలామంది బోల్తాపడేది నీటి దగ్గర. పూతకు ముందు వారం పదిరోజులు చేను ఎండితే జల్లు వేళకే వస్తుంది, పీచు వెనకబడుతుంది. పీచు బయటికొచ్చేసరికి నీ పుప్పొడి అయిపోయి ఉంటుంది, అప్పుడు పరాయి పుప్పొడికి అడ్డేముంది? జల్లు వేసేటప్పుడు, పీచు వచ్చేటప్పుడు తడి తప్పనివ్వకు. ఇంకో జాగ్రత్త: అదే విత్తనం నాలుగు సాళ్లు మాత్రం వారం ఆగి విత్తు, వెనకబడ్డ పీచులకు నీ పుప్పొడే అందుతుంది.

ఎలాగూ పూతలు కలిసిపోయేట్టున్నాయంటే చేత్తో చేయక తప్పదు. పీచు కనబడకముందే కంకికి బటర్ పేపర్ సంచి తొడుగు. పీచు రెండు మూడంగుళాలు వచ్చాక, ముందురోజు సాయంత్రం ఇరవై పాతిక మొక్కల జల్లులకు కాగితపు సంచులు కట్టు. మర్నాడు మంచు ఆరాక, 9-11 మధ్య, జల్లు దులిపి పొడంతా కలిపి పీచుల మీద చల్లి, మళ్లీ సంచి మూసేయి. ఏ మొక్క పొడి ఆ మొక్కకే వేయకు, తర్వాతి తరం కురచబారుతుంది.

ఇంత చేసినా కొంత కలుస్తుంది. అదృష్టం ఏమిటంటే తెల్ల మక్క ఆ సంగతి దాచదు. పొట్టు తీసిన కంకి వెలుతురులో తిప్పి చూడు. తెల్ల గింజల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి లేత నిమ్మపండు రంగు గింజ ఉంటే అది ఈ ఏటి గాలి పని, ఆ గింజల్ని రాల్చేస్తే చాలు. అవి కంకి కొసనే గుమిగూడితే పూత చివర్లో నీ పుప్పొడి చాలలేదని అర్థం, ఎందుకంటే కొస గింజల పీచే అన్నిటికంటే వెనక వస్తుంది. కంకిలో సగానికి సగం పసుపు ఉంటే మాత్రం ఆ మొక్కే నిరుడు కలిసిన గింజ నుంచి మొలిచింది. దాని తెల్ల గింజలు చూసి ఆశపడకు, కంకి మొత్తం తిండికి పడేయి. పక్కన తెల్ల హైబ్రిడ్ గానీ ఉంటే ఈ రంగు పరీక్ష పనికిరాదు, అప్పుడు చేల మధ్య దూరమే శరణ్యం.

మిగిలిన వాటిలో కనీసం రెండు వందల కంకులు ఏరు, ఒక్కోదాని నడిమి గింజలు సమానంగా తీసి కలుపు. ఒకటి రెండు పెద్ద కంకులు చూసి మురిసి వాటినే విత్తనం చేస్తే నాలుగేళ్లకు చేను నీరసిస్తుంది.

పక్క చేనువాళ్లు ఏ రకం వేస్తున్నారో, ఎన్ని రోజులకు జల్లు వేస్తుందో, ఏ తేదీన విత్తుతారో ఈ వారంలోనే కనుక్కొని రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న