ఆయుధం వంటింట్లోనే ఉంది

ప్రశ్న: మర్డర్ మిస్టరీ కథ రాస్తున్నానండీ. హంతకుడు కత్తిని బావిలో పడేస్తే 'ఇది పాతదే' అంటున్నారు, పెరట్లో పాతిపెట్టినా అదే మాట. నేరాన్ని కప్పిపుచ్చే వస్తువు ఎలా ఉండాలి?
— ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు దాచే చోటు కోసం వెతకడం మానేయండి. 1953లో బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ రాసిన 'లాంబ్ టు ది స్లాటర్' కథలో ఆయుధాన్ని ఎక్కడా దాచరు. (ముగింపు కూడా చెప్పేస్తున్నా, చదవాలనుకుంటే ఇక్కడే ఆగండి.)

మేరీ మలోనీ ఆరు నెలల గర్భిణి, భర్త పోలీసు డిటెక్టివ్. ఆ సాయంత్రం అతను ఆమెతో ఏమన్నాడో రచయిత పూర్తిగా రాయడు, వదిలేస్తున్నాడని మనకే అర్థమవుతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన గొర్రె తొడ, రాయిలా గడ్డకట్టినది, ఆమె చేతిలో ఉంది. దాంతోనే వెనకనుంచి తలమీద ఒక్క దెబ్బ. తర్వాత దాన్ని తీసుకెళ్లి ఓవెన్‌లో పెట్టేస్తుంది.

అందరూ ఆ మాంసాన్నే మెచ్చుకుంటారు గానీ నాకైతే అసలు తెలివి బఠాణీల దగ్గర కనిపిస్తుంది. ఆమె చేతులు కడుక్కుని, అద్దం ముందు కూర్చుని, బంగాళాదుంపలూ బఠాణీల డబ్బా కావాలని షాపులో ఎలా అడగాలో, ఎలా నవ్వాలో పైకే అని చూసుకుంటుంది, గొంతు సరిగ్గా పలికేదాకా. పోలీసులు షాపులో వాకబు చేస్తే ఆమె మామూలుగానే ఉందనీ, మొగుడికి మంచి భోజనం పెట్టాలనుకుందనీ తేలుతుంది. బఠాణీలు కొనకపోతే ఓవెన్‌లో మాంసం ఒక్కటే ఆమెను కాపాడేది కాదు.

ఇంటికొచ్చి శవాన్ని చూసి ఆమె నిజంగానే ఏడుస్తుంది, నటించాల్సిన పని పడదు. పోలీసులేమో బరువైన ఇనప వస్తువు కోసం ఇల్లంతా గాలిస్తారు. చివరికి ఆమె బతిమాలితే ఆ మాంసమే కూర్చుని తింటూ, ఆయుధం ఈ ఇంట్లోనే ఎక్కడో ఉండి ఉంటుందని మాట్లాడుకుంటారు!

మీ కథకూ ఇలాగే చూడండి: ఆ ఇంట్లో, ఆ పూట ఏ వస్తువు కనిపించకపోతే అనుమానం వస్తుంది? పెళ్లివారిల్లయితే పసుపు దంచే రోకలి ఉంటుంది. కడిగి, మళ్లీ పసుపు రాసి, మామిడాకులు కట్టి రోటి పక్కన నిలబెడితే దాన్ని అనుమానించేదెవరు? తెల్లారగానే ముత్తయిదువలు వచ్చి దానితోనే దంచుతారు. ఇక మీకు కావాల్సింది బఠాణీలే, అంటే ఆ రాత్రి మీ హంతకుడు మామూలుగానే ఉండటం చూసిన మనిషి ఒకరు. పసుపు కొమ్ములు చాల్లేదని అతన్ని కిరాణా కొట్టుకు పంపండి, కొట్టాయనతో నాలుగు మాటలు మాట్లాడించండి.