ఫెరోయిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కదా, మరి రుథేనియమే ఎందుకు?

ప్రశ్న: మా బీఎస్సీ ల్యాబ్‌లో టైట్రేషన్‌కి ఫెరోయిన్ అనే ఇనుము కాంప్లెక్స్ వాడతామండీ, రెండు చుక్కలేస్తే చాలు, ఎర్రటి రంగు వచ్చేస్తుంది. అంటే వెలుగుని బాగానే మింగుతున్నట్టే కదా. కానీ కార్బన్ డయాక్సైడ్‌ని వెలుగుతో కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చే ప్రయోగాల గురించి చదివితే ఎక్కడ చూసినా రుథేనియమే. పీరియాడిక్ టేబుల్‌లో దానికి సరిగ్గా పైనున్నది ఇనుమే, పైగా చవక. ఇనుముతో ఎందుకు చెయ్యరు? ఇందులో మా కాలేజీలో చూడగలిగేది ఏమైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా, ఈ రంగంలో పెద్ద చిక్కుముడి సరిగ్గా ఇదే.

ఫెరోయిన్ వెలుగుని గట్టిగానే మింగుతుంది, 510 నానోమీటర్ల దగ్గర. బైపిరిడీన్ అనే కర్బన మాలిక్యూళ్లు మూడు తగిలించిన రుథేనియం కాంప్లెక్స్ 450 దగ్గర మింగుతుంది, అందుకే అది నారింజ రంగులో ఉంటుంది. రెండింట్లోనూ జరిగేది ఒకటే, వెలుగు పడగానే లోహం దగ్గరున్న ఎలక్ట్రాన్ ఒకటి లైగాండ్ మీదకి, అంటే లోహానికి తగిలించిన మాలిక్యూల్ మీదకి, దూకుతుంది. కానీ దూకింది అక్కడ ఎంతసేపు నిలబడింది అన్నదే అసలు లెక్క. రుథేనియంలో, ద్రావణంలోంచి గాలి తీసేస్తే, మైక్రోసెకండుకి (సెకండులో పది లక్షలవ వంతుకి) కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇనుములో 100 ఫెమ్టోసెకండ్లు, అంటే సెకండులో పది లక్షల కోట్లవ వంతు కూడా ఉండదు. అంటే దాదాపు కోటి రెట్లు తేడా! ద్రావణంలో పక్క మాలిక్యూల్ వచ్చి తగిలి ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకోవాలంటే నానోసెకండ్లయినా పడుతుంది కాబట్టి, ఇనుము దగ్గరికి ఎవరైనా వచ్చేలోపే ఆట ముగిసిపోతుంది.

కారణం ఏంటంటే ఇనుము 3డి లోహం, అంటే దాని డి ఎలక్ట్రాన్లు మూడో షెల్‌లో ఉంటాయి, లైగాండ్లు దాని డి ఆర్బిటాళ్లని ఎక్కువ ఎడంగా విడదీయలేవు, దాంతో లోహం మీదే కింద ఇంకో మెట్టు ఖాళీగా దొరుకుతుంది, ఎలక్ట్రాన్ అందులోకి జారిపోయి మింగిన వెలుగంతా చివరికి వేడి అయిపోతుంది. రుథేనియం 4డి, దానికి ఆ మెట్టు బాగా పైన ఉంటుంది.

ఇంతసేపు ఎందుకు ఆగాలి అంటారా, కార్బన్ డయాక్సైడ్ చాలా మొండిది. ఒక్క ఎలక్ట్రాన్ ఎక్కించాలంటే మైనస్ 1.9 వోల్టులు కావాలి, అదే ప్రోటాన్ల సాయంతో రెండు ఎలక్ట్రాన్లు కలిపి ఇస్తే మైనస్ 0.53తో పనైపోతుంది. అందుకని వెలుగు మింగేది ఒకటి, రెండు ఎలక్ట్రాన్లు పోగేసి అందించే క్యాటలిస్ట్ ఇంకొకటి అని పని పంచుతారు. 1983లో స్ట్రాస్‌బర్గ్‌లో లెన్ బృందం రెండు పనులూ ఒకే రీనియం కాంప్లెక్స్‌తో చేయించింది గానీ అది మామూలు వెలుగులో చాలా కొద్ది భాగమే మింగుతుంది, తర్వాత టోక్యోలో ఇషితానీ వాళ్లు రుథేనియాన్నీ రీనియాన్నీ ఒకే మాలిక్యూల్‌లో కట్టేశారు.

ఇనుముని మాత్రం ఎవరూ వదిలెయ్యలేదు. స్వీడన్‌లోని లుండ్‌లో కార్బన్‌తో లోహాన్ని గట్టిగా పట్టుకునే కార్బీన్ లైగాండ్లు తగిలించి, ఆ నిలబడే సమయాన్ని 2018కల్లా 2 నానోసెకండ్ల దాకా తెచ్చారు, అది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. రాగి ఇంకో దారి, రాగి ప్లస్ వన్‌లో, అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రాగిలో, డి ఆర్బిటాళ్లన్నీ నిండిపోయి ఉంటాయి కాబట్టి జారిపోయే మెట్టే ఉండదు. రాగి వెలుగు మింగితే ఇనుము క్యాటలిస్ట్‌గా పనిచేసే జోడీని 2016లో చూపించారు. నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది, ఈ ప్రయోగాల్లో చాలావాటికి ఎలక్ట్రాన్లు ఇచ్చేది ట్రైఇథనాలమీన్ లాంటి కెమికల్, అది ఖర్చైపోతుంది, ఆ పని నీళ్లతో చేయించనంత వరకూ ఎండతో ఇంధనం అన్నమాట సగమే నిజం.

ఇక మీ కాలేజీ సంగతి. రుథేనియం కాంప్లెక్స్ కొంచెం ఖరీదే గానీ, ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, మీ సార్‌ని అడిగి చూడండి. ఒక టెస్ట్‌ట్యూబ్‌లో అది నీళ్లలో కలిపి, ఇంకోదాంట్లో ఫెరోయిన్ పలచగా కలిపి, గది చీకటి చేసి రెండిటికీ బ్లూ ఎల్ఈడీ టార్చ్ కొట్టండి. రుథేనియం ట్యూబు నిప్పుకణికలా నారింజ ఎరుపులో వెలుగుతుంది. ఫెరోయిన్ ట్యూబు అలాగే చీకట్లో ఉండిపోతుంది.